పాపకు ఆవుపాలు పడకపోతే ఏ డబ్బా పాలు, ఎన్నాళ్లు?

ప్రశ్న: మా పాపకు ఐదున్నర నెలలు. మూడున్నర నెలల వరకు నా పాలే తాగింది, ఏ ఇబ్బందీ లేదు. ఉద్యోగంలో చేరాల్సి రావడంతో పగటిపూటకు డబ్బాపాలు మొదలుపెట్టాం. రెండు వారాలు తిరగకుండానే విరేచనంలో జిగురు, నెత్తుటి చారలు కనిపించాయి. బుగ్గల మీద ఎర్రగా దద్దు లేచింది. మొదట చూసిన డాక్టరుగారు లాక్టోజ్ లేని పాలు రాశారు, తగ్గలేదు. రెండో డాక్టరుగారు ఆవుపాల ప్రొటీన్ ఎలర్జీ అని చెప్పి ‘ఎక్స్‌టెన్సివ్‌లీ హైడ్రోలైజ్డ్’ ఫార్ములాకు మార్చారు. మూడు వారాల్లో నెత్తురు ఆగిపోయింది, దద్దు కూడా చాలావరకు తగ్గింది. కానీ డబ్బా వారం కూడా రావడం లేదు, ఆ ఖర్చు మోయలేకపోతున్నాం. వాసనకో ఏమో, పాప సగం తాగి మొహం తిప్పేస్తోంది. అత్తగారు మేకపాలు పట్టమంటున్నారు, పక్కింటివారు గాడిదపాలు అంటున్నారు. డల్లాస్‌లో ఉన్న అక్క అమైనో యాసిడ్ ఫార్ములా ఇంకా మంచిదని, పంపిస్తానని అంటోంది. సోయా పాలు సరిపోవా? నేను పాలు, పెరుగు మానేయాలా? వచ్చే నెల అన్నప్రాశన. పరమాన్నం పెట్టవచ్చా?
— ఒక తల్లి, రాజమహేంద్రవరం

సమాధానం: అమ్మా, మీరు రాసినదాంట్లో రెండు సంగతులు ధైర్యాన్నిస్తున్నాయి. మీ పాలు తాగినంత కాలం పాపకు ఏ బాధా లేకపోవడం ఒకటి, ఫార్ములా మార్చాక నెత్తురు ఆగడం మరొకటి. అయితే ఈ రెండోది ఎలర్జీ ఉందనడానికి బలమైన ఆధారమే గానీ పూర్తి రుజువు కాదు. ఇంత ఖరీదైన ఆహారాన్ని నెలల తరబడి కొనబోతున్నారు కనుక, ముందు ఆ రుజువు గురించి చెప్పి ఆ తరవాత డబ్బాల సంగతికి వస్తాను.

ఆవుపాలలో ప్రొటీన్లు ప్రధానంగా కేసీన్, వే అని రెండు జాతులు. కొందరు పిల్లల రోగనిరోధక వ్యవస్థ వీటిని శత్రువులుగా ఎంచి ఎదురుదాడికి దిగుతుంది. ఆ దాడి రెండు తీరుల్లో జరుగుతుంది. పాలు తాగిన కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల లోపు ఒళ్లంతా దద్దుర్లు, పెదవులు, కళ్లు వాయడం, వాంతులు, పిల్లికూతలు వస్తే అది ఐజీఈ అనే ప్రతిరక్షకం వల్ల వచ్చే తక్షణ ఎలర్జీ. కొన్ని గంటలకో, రోజులకో పేగుల్లో వాపు పుట్టి, విరేచనంలో జిగురు, నెత్తురు కనిపిస్తే అది ఐజీఈతో సంబంధం లేని నిదానపు రకం. మీ పాప లక్షణాలు ఈ రెండో రకానికి సరిపోతున్నాయి. ఈ రకానికి రక్తపరీక్షగానీ, చర్మం మీద సూదితో గీసి చూసే పరీక్షగానీ అక్కరకు రాదు. ఐజీజీ అనే మరో ప్రతిరక్షకాన్ని కొలిచే పరీక్షల పేరుతో వందల ఆహారాలకు ఒకేసారి జాబితా ఇచ్చే ప్యాకేజీలు కొన్ని లేబొరేటరీలు అమ్ముతున్నాయి. ఎలర్జీ నిర్ధారణకు అవి పనికిరావు, వాటి మీద ఒక్క రూపాయి కూడా పెట్టవద్దు.

నమ్మదగిన పరీక్ష ఒక్కటే: అనుమానం ఉన్న ఆహారాన్ని రెండు నుంచి నాలుగు వారాలు పూర్తిగా ఆపి చూడడం, లక్షణాలు తగ్గాక దాన్ని తిరిగి ఇచ్చి చూడడం. మీ ఇంట్లో మొదటి సగం అయింది, రెండో సగం మిగిలింది. తగ్గిన జబ్బును మళ్లీ తెచ్చుకోవడమేమిటని చాలామంది తల్లిదండ్రులు ఇక్కడే ఆగిపోతారు. మీ భయం నాకు అర్థమవుతుంది. కానీ శిశువు విరేచనంలో అప్పుడప్పుడు కనిపించే నెత్తుటి చారలు కొందరిలో ఏ మార్పూ చేయకపోయినా వాటంతట అవే ఆగుతాయి. అలాంటి బిడ్డకు లేని ఎలర్జీ అంటగట్టి, పాలు, పెరుగు, నెయ్యి ఏదీ ముట్టనివ్వకుండా పెంచితే నష్టం డబ్బుతో పోదు. అందుకని మీ డాక్టరుగారిని ఈ ప్రశ్న సూటిగా అడగండి: ‘తిరిగి ఇచ్చి చూసే పరీక్ష ఎప్పుడు చేద్దాం?’

తేలికపాటి నిదానపు రకంలో ఈ పరీక్ష డాక్టరు సలహాతో ఇంట్లోనే చేయవచ్చు. రోజులో మొదటి సీసాకు 210 మిల్లీలీటర్ల నీటికి ఏడు స్కూపుల పొడి పడుతుందనుకుంటే, తొలిరోజు అందులో ఒక స్కూపు మామూలు ఫార్ములా, ఆరు స్కూపులు ప్రత్యేక ఫార్ములా కలుపుతారు. మరునాడు రెండు, అయిదు. అలా పెంచుకుంటూ ఏడో రోజుకు ఆ ఒక్క సీసా మొత్తం మామూలు ఫార్ములాకు చేరుతుంది. రెండు డబ్బాల స్కూపులు ఒకే కొలతవైతేనే ఈ లెక్క నడుస్తుంది, కాకపోతే డాక్టరుగారు వేరే లెక్క రాసిస్తారు. మధ్యలో నెత్తురో, దద్దో తిరగబెడితే అక్కడే ఆపి ప్రత్యేక ఫార్ములాకు వెళ్లిపోవాలి. అప్పుడు ఎలర్జీ ఖాయమైనట్టు. పాప జలుబు, జ్వరం, విరేచనాలతో ఉన్నప్పుడు, టీకా వేయించిన రోజుల్లో, కొత్త ఆహారం మొదలుపెట్టినప్పుడు ఈ పరీక్ష పెట్టుకోకూడదు. తక్షణ ఎలర్జీ లక్షణాలు ఒక్కసారైనా కనిపించిన బిడ్డకు, లేదా పాలు తాగిన గంట నుంచి నాలుగు గంటల్లో ఆగని వాంతులతో పాలిపోయి వాడిపోయిన బిడ్డకు, ఇది ఇంట్లో చేయవలసిన పని కానే కాదు. సెలైన్, ఎడ్రినలిన్ సిద్ధంగా ఉన్న ఆసుపత్రిలోనే చేయాలి.

మొదట రాసిన లాక్టోజ్ లేని పాలు ఎందుకు పనిచేయలేదో ఇప్పుడు సులువుగానే తెలుస్తుంది. లాక్టోజ్ పాలలోని చక్కెర, పాప శరీరం తిరగబడుతున్నది ప్రొటీన్ మీద. ఆ డబ్బాలో చక్కెర మార్చారు తప్ప ప్రొటీన్ చెక్కుచెదరకుండా ఉంది. పుట్టుకతో లాక్టోజ్ అరగని శిశువులు చాలా చాలా అరుదు. తీవ్రమైన విరేచనాల తరవాత కొన్ని వారాలపాటు అరగకపోవడం మాత్రం మామూలే, ఆ డబ్బా అలాంటి సందర్భానికి.

ఇక మీరు ఇప్పుడు పడుతున్న ఫార్ములా. ప్రొటీన్ అంటే అమైనో ఆమ్లాలనే పూసలను ఒక వరుసలో గుచ్చిన పొడవాటి దండ అనుకోండి. రోగనిరోధక వ్యవస్థ గుర్తుపట్టేది విడి పూసను కాదు, పూసల వరుసను. ఎంజైములతో ఆ దండను చిన్నచిన్న ముక్కలుగా తెంపి, గుర్తుపట్టలేనంతగా చేసిందే ఎక్స్‌టెన్సివ్‌లీ హైడ్రోలైజ్డ్ ఫార్ములా. ఇది కొత్త కనిపెట్టుడేమీ కాదు. కేసీన్‌ను ఇలా తెంపి తయారుచేసిన న్యూట్రామిజెన్ అమెరికాలో 1942లోనే వచ్చింది. ఎలర్జీ నిర్ధారణ అయిన పిల్లల్లో నూటికి కనీసం 90 మంది తట్టుకుంటేనే ఒక ఫార్ములాను ‘హైపోఎలర్జెనిక్’ అనాలని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2000లో నియమం చెప్పింది. అంటే నూటికి పదిమంది దాకా ఈ ముక్కలకు కూడా స్పందించవచ్చు. అలాంటివారికీ, ప్రాణం మీదికి తెచ్చే తక్షణ ఎలర్జీ ఉన్నవారికీ, బరువు పెరగక ఎదుగుదల ఆగిపోయినవారికీ, ముక్కలు కూడా లేకుండా విడి పూసలతోనే చేసిన అమైనో యాసిడ్ ఫార్ములా కావాలి.

మీ పాప ఈ మూడు కోవల్లో దేనిలోకీ రాదు. ఇప్పటి ఫార్ములాతో నెత్తురు ఆగింది కనుక అంతకంటే ఖరీదైనదానికి వెళ్లే అవసరం లేదు. ‘ఇంకా మంచిది’ అని మీ అక్కగారు ప్రేమతో అంటున్న మాట, అవసరమైన బిడ్డ విషయంలో నిజం, మీ పాప విషయంలో కాదు. ఒకవేళ ఎప్పుడైనా విదేశం నుంచి డబ్బాలు వస్తే, ఒక డబ్బా స్కూపు ఇంకో డబ్బాలో వాడకండి. కొన్నింటిలో 30 మిల్లీలీటర్ల నీటికి ఒక స్కూపు, కొన్నింటిలో 60కి ఒకటి. అట్ట మీద కనిపించే ‘హెచ్.ఏ.’ అన్న అక్షరాలను చూసి కూడా మోసపోవద్దు. ఆ అక్షరాలు సాధారణంగా ప్రొటీన్‌ను సగం సగం మాత్రమే తెంపిన పాల మీద ఉంటాయి, ఎలర్జీ ఉన్న బిడ్డకు అవి పనికిరావు. కొన్ని దేశాల్లో పూర్తిగా తెంపిన ఫార్ములా పేరులోనూ అవే అక్షరాలు ఉంటాయి. అందుకే పేరును బట్టి కాక, పదార్థాల జాబితా చూపించి డాక్టరు చేత నిర్ధారించుకుని కొనాలి.

ఎక్కడినుంచో వచ్చే ఒకే సరుకు మీద ఆధారపడడంలో ఇంకో చిక్కుంది. 2022 ఫిబ్రవరి 17న అబాట్ సంస్థ మిషిగన్ రాష్ట్రంలోని స్టర్జిస్ ఫ్యాక్టరీలో తయారైన పొడి ఫార్ములాలను వెనక్కి రప్పించింది, ఉత్పత్తి ఆగిపోయింది. ఎలర్జీ పిల్లలు తాగే అలిమెంటమ్, అమైనో యాసిడ్ ఫార్ములా అయిన ఎలికేర్ కూడా అందులో ఉన్నాయి. మామూలు డబ్బా దొరకకపోతే ఇంకో కంపెనీది కొనుక్కోవచ్చు గానీ, అమైనో యాసిడ్ ఫార్ములా తప్ప మరేదీ పడని బిడ్డకు ఆ వెసులుబాటు లేదు. ఆ ఏడాది మే 22న జర్మనీలోని రామ్‌స్టైన్ నుంచి ఇండియానాపోలిస్‌కు సైనిక విమానంలో చేరిన మొట్టమొదటి సరుకు ఈ ఎలర్జీ పిల్లల ఫార్ములాలే. ఫ్యాక్టరీ జూన్ 4న తెరుచుకుని ముందుగా ఎలికేర్ తయారీ మొదలుపెట్టింది, పది పన్నెండు రోజులకే వరదనీరు చేరి మళ్లీ మూతపడింది. అమెరికా అంతటి దేశంలోనే అలా జరిగింది. కాబట్టి మీ ఊళ్లో గానీ, విశాఖ, విజయవాడ, హైదరాబాద్‌లలో గానీ క్రమంగా దొరికే ఫార్ములానే ఎంచుకుని, ఒక డబ్బా ఎప్పుడూ ముందుగా ఇంట్లో ఉండేలా చూసుకోండి.

మేకపాల విషయంలో అత్తగారికి మెల్లగా నచ్చచెప్పవలసి ఉంటుంది. మేకపాల ప్రొటీన్లు ఆవుపాల ప్రొటీన్లకు ఎంత దగ్గరగా ఉంటాయంటే, ఆవుపాలు పడని పిల్లల్లో నూటికి 90 మందికి పైగా వాటికీ స్పందిస్తారు. గేదెపాలూ అంతే, ఏ2 పాలూ అంతే. గాడిదపాల ప్రొటీన్లు కొంత వేరు, చాలామంది ఎలర్జీ పిల్లలు వాటిని తట్టుకుంటారన్నది నిజమే. కానీ వాటిలో కొవ్వు, శక్తి బాగా తక్కువ. వీధిలో గాడిదను తోలుకొచ్చి చిన్న గిన్నెతో పిండి ఇచ్చే పచ్చిపాలు ఐదున్నర నెలల బిడ్డకు ఇన్‌ఫెక్షన్ తెచ్చిపెట్టవచ్చు. బాదంపాలు, కొబ్బరిపాలు, గంజి, రాగిజావ ఇవేవీ ఏడాదిలోపు బిడ్డకు పాల స్థానంలో నిలబడవు. బియ్యంతో చేసిన పాలే ప్రధాన ఆహారంగా పెంచిన శిశువులకు ఒళ్లు నీరు పట్టి, ప్రొటీన్ చాలక వచ్చే క్వాషియార్కర్ జబ్బు వచ్చిన సందర్భాలు వైద్యపత్రికల్లో నమోదయ్యాయి.

సోయా ఫార్ములాను మాత్రం ఒక్కమాటతో తోసిపుచ్చలేను. ఆరు నెలలలోపు దాన్ని వాడవద్దని ఐరోపా పిల్లల జీర్ణకోశ వైద్యుల సంఘం 2006లో చెప్పింది. సోయాలోని ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్ లాంటి పదార్థాలు, ఖనిజాలు ఒంటబట్టకుండా అడ్డుకునే ఫైటేట్లు అందుకు కారణాలు. పైగా తక్షణ ఎలర్జీ ఉన్న పిల్లల్లో నూటికి పది, పద్నాలుగు మందికి, పేగుల్లో వాపు వచ్చే నిదానపు రకంలో ఇంకా ఎక్కువమందికి సోయా కూడా పడదు. అయినా మన దేశంలో ప్రత్యేక ఫార్ములా కొనలేని ఇళ్లు ఎన్నో. డబ్బు చాలక దాన్ని పలచగా కలిపి పట్టడం కంటే, ఆరు నెలలు నిండాక డాక్టరు పర్యవేక్షణలో సోయా ఫార్ములాకు మారడం ఎన్నోరెట్లు మేలని నా గట్టి అభిప్రాయం. మీ పాపకు ఆ వయసు ఇంకో రెండు వారాల్లో వస్తుంది. అప్పటికీ ఖర్చు భరించలేకపోతే ఈ మాట దాచకుండా డాక్టరుతో చెప్పండి. సోయా అంటే శిశువుల కోసం తయారుచేసిన సోయా ఫార్ములా. దుకాణాల్లో సీసాలు, ప్యాకెట్లలో అమ్మే సోయా పానీయం కాదు.

ఖర్చు తగ్గించే అసలు మార్గం మీ దగ్గరే ఉంది. ఆరున్నర, ఏడు కిలోల బిడ్డ పూర్తిగా డబ్బామీదే ఉంటే రోజుకు దాదాపు లీటరు పాలు కావాలి, అంటే 130 గ్రాముల పొడి. 400 గ్రాముల డబ్బా మూడు రోజులకు సరి. మీరు రాత్రీ పొద్దునా పడుతున్న చనుబాలే ఆ డబ్బాను ఆరు రోజులకు సాగదీస్తున్నాయి. ఆఫీసులో రెండుసార్లు పాలు పిండి ఫ్రిజ్‌లో దాచి తేగలిగితే పగటి సీసాల్లో ఒకటి రెండు తగ్గుతాయి. బిడ్డకు 15 నెలలు వచ్చేవరకు పాలిచ్చే తల్లికి రోజుకు రెండు విరామాలు ఇవ్వాలని మన చట్టం చెబుతోంది. మొహమాటపడకుండా అడగండి. ఇక మీరు పాలు, పెరుగు మానాలా అంటే, అక్కరలేదు. మీరు అన్నీ తింటూ చనుబాలు ఇచ్చిన మూడున్నర నెలలూ పాప హాయిగా ఉంది, డబ్బాపాలు నేరుగా పడ్డాకే బాధ మొదలైంది. తల్లిపాలు తాగుతుండగానే లక్షణాలు వచ్చిన బిడ్డల తల్లులు మాత్రమే పాల పదార్థాలు మానాలి, అప్పుడు వారు కాల్షియం మాత్రలు కూడా తీసుకోవాలి.

కలిపేటప్పుడు డబ్బాలోని స్కూపుతోనే, అంచుకు సమానంగా, కుక్కకుండా కొలవండి. ముందు నీళ్లు, తరవాత పొడి. పొడి పాలు సూక్ష్మక్రిములు బొత్తిగా లేనివి కావు కనుక, మరగకాచిన నీరు 70 డిగ్రీల కంటే చల్లారకముందే కలిపి, తరవాత చల్లార్చి పట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. మేలుచేసే బ్యాక్టీరియా కలిపిన కొన్ని డబ్బాల మీద మాత్రం వేడినీళ్లు వద్దని ఉంటుంది, అక్కడ డాక్టరు మాట ప్రకారం నడవండి. కలిపిన పాలు రెండు గంటల్లోపు వాడాలి, పాప నోరు పెట్టి వదిలేసినవి దాచకూడదు. అందుకే సగం తాగి వదిలేసే పాపకు చిన్న సీసాలు కలిపితే పారబోత తగ్గుతుంది.

ఆ చేదు, ఆ ఉడకబెట్టిన బంగాళాదుంపలాంటి వాసన ప్రొటీన్ ముక్కలదే, సరుకు పాడైపోయిందని భయపడకండి. ఐదారు నెలల పిల్లలకు రుచి బాగా తెలుస్తుంది కనుక మారాం సహజం. పిండిన మీ పాలలో కొద్దికొద్దిగా కలుపుతూ నాలుగైదు రోజుల్లో పాళ్లు పెంచండి. మూత ఉన్న కప్పుతో పట్టినా వాసన తక్కువ సోకుతుంది. తేనె, పంచదార కలపవద్దు. ఏడాదిలోపు తేనె అసలే ప్రమాదం. విరేచనం ఆకుపచ్చగా, పలచగా మారడం ఈ ఫార్ములాతో మామూలే. నెలనెలా అంగన్‌వాడీలోనో, ఆసుపత్రిలోనో బరువు తూయించి తల్లీబిడ్డ కార్డులో ఎక్కించండి. కార్డులోని ఎదుగుదల గీత పైకి పోతున్నంతవరకు పాప తాగే పరిమాణం గురించి అంతగా కలత పడనక్కరలేదు.

అన్నప్రాశన నిక్షేపంగా చేయండి. పరమాన్నంలో పాలకు బదులు కొబ్బరిపాలు, బెల్లం వేసి వండితే చాలు, ఆ రోజు నాలుకకు తగిలించేది ఒక్క మెతుకే. నెయ్యిలో పాల ప్రొటీన్ ఆనవాళ్లు మిగిలి ఉంటాయి కనుక ప్రస్తుతానికి అదీ వద్దు, నువ్వులనూనె గానీ వేరుశనగనూనె గానీ వాడండి. ఆ తరవాత బియ్యం, పెసరపప్పు ఉగ్గు, మెత్తగా మెదిపిన కూరగాయలు, అరటిపండు మొదలుపెట్టండి. బజారులో దొరికే పిల్లల సీరియల్స్‌లో చాలావాటిలో పాలపొడి ఉంటుంది. బిస్కెట్లు, బ్రెడ్డు కూడా అంతే. పొట్లం మీద ఎలర్జీ కారకాలను తప్పనిసరిగా ముద్రించాలన్నది మన ఆహార భద్రతా ప్రమాణాల నిబంధన కనుక, పాలు, పాల ఘనపదార్థాలు, వే, కేసీన్ అన్న మాటల కోసం వెతకండి. పాలు పడవు కదా అని గుడ్డు, వేరుశనగ కూడా భయంతో వాయిదా వేయవద్దు. ఆలస్యం చేయడం వల్ల ఆ ఎలర్జీలు తగ్గవు, వేరుశనగ విషయంలో పెరుగుతాయని 2015లో ప్రచురితమైన లీప్ అధ్యయనం తేల్చింది. అయితే ఒక్కోసారి ఒక్కటే కొత్తది, అది కూడా మెత్తటి ముద్దగానో, పలచగా కలిపో పెట్టాలి. గింజగా ఎప్పుడూ పెట్టకూడదు. దద్దు తిరగబెట్టి ఒళ్లంతా ఎగ్జిమాగా మారితే మాత్రం వేరుశనగ, గుడ్డు మొదలుపెట్టే ముందు డాక్టరును అడగండి.

ఈ ఫార్ములా ఎల్లకాలం కాదు. ఎలర్జీ ఖాయమైతే కనీసం ఆరు నెలలు గానీ, పాపకు 9 నుంచి 12 నెలలు వచ్చేవరకు గానీ కొనసాగించి, ఆ తరవాత మళ్లీ పాలు రుచి చూపించాలి. నిదానపు రకం ఉన్న పిల్లల్లో చాలామందికి ఏడాది, రెండేళ్లకే పాలు పడతాయి, తక్షణ రకానికి ఎక్కువకాలం పట్టవచ్చు. తొలి ప్రయత్నం గ్లాసెడు పాలతో చేయరు. బాగా కాలిన పిండిలో పాల ప్రొటీన్ రూపం మారి ఒంటికి తేలికగా పడుతుంది కనుక పాలపొడి ఉన్న బిస్కెట్టు చిన్న ముక్కతో మొదలుపెట్టి, కొన్ని రోజులు గమనించి, కేకు, పాలతో కలిపి కాల్చిన రొట్టె, తరవాత పెరుగన్నం, చివరకు కాచిన పాలు, ఇలా మెట్టుమెట్టుగా ఎక్కుతారు. ఒక మెట్టు దగ్గర నెత్తురో, దద్దో కనిపిస్తే కింది మెట్టుకు దిగి, కొన్ని నెలలాగి మళ్లీ ప్రయత్నిస్తారు. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడే ఆ తేదీ ఎప్పుడో అడిగి, చీటీ మీద రాయించుకుని రండి.